పట్టుషెడ్డు హవల్దారు

వరహాలరావుకి కోపం ముక్కు మీదే ఉంటుందని అరకులో అందరికీ తెలుసు. ఆ కోపం ముక్కు దిగి కిందికి రాదని కూడా తెలుసు. అందుకే శని, ఆదివారాల్లో పొద్దున్నే ఆయన కేకలు సుంకరమెట్ట రోడ్డు దాకా వినిపిస్తున్నా దారినపోయేవాళ్ళెవరూ కంగారుపడరు. హవల్దారుగారు పిల్లలకి తుపాకీ నేర్పుతున్నారనుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. కొత్తగా వచ్చిన టూరిస్టులైతే ఎవర్నో ఎవరో కొడుతున్నారనుకుని కారు ఆపి తొంగి చూస్తారు. లోపల వాళ్ళకి కనిపించేది ఏమిటయ్యా అంటే, రేకుల షెడ్డులో వరసగా నిలబడ్డ పిల్లలూ, వాళ్ళ పక్కనే బిక్కమొహాలేసుకుని నిలబడ్డ అమ్మలూ నాన్నలూ, వాళ్ళ వెనకాల చేతులు నడుం వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ అరిచే ఒక బక్కపలచని పెద్దమనిషి.

నేర్పేది ఎయిర్ రైఫిల్. అందులో మందుండదు, నిప్పుండదు. గాలి ఒత్తిడికి చిన్న సీసపు గుండు వెళ్ళి పది మీటర్ల దూరంలో ఉన్న కాగితానికి చిల్లు పెడుతుంది, అంతే. కానీ ఆ "అంతే" అన్న మాట వరహాలరావు ఎదురుగా అనకూడదు. అన్నవాణ్ణి కూర్చోబెట్టి, అదే గుండు కంట్లో పడితే ఏమవుతుందో పావుగంట సేపు వర్ణించి చెప్తాడు. విన్నవాడికి ఆ పూట అన్నం సయించదు.

ఆ షెడ్డులో ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవారు. పురుగులు పోయాయి, పెంచిన కంపెనీ పోయింది, రేకులు మిగిలాయి. షెడ్డు సొంతదారు అనకాపల్లిలో ఉంటాడు. మనుషులు మసిలితే పాములు చేరవు, నాకదే చాలని తాళం చెవి ఇచ్చేశాడు. చివరి గోడకి ఇసుక బస్తాలు ఎత్తుగా పేర్చి, వాటి ముందు టార్గెట్ కాగితాలు వేలాడదీసి, ఇవతల నేల మీద సున్నంతో గీత గీశాడు వరహాలరావు. ఆయన చెప్పకుండా ఆ గీత దాటినవాళ్ళకి, పిల్లలైనా పెద్దలైనా, ఆ రోజుకి తుపాకీ ముట్టుకోవడం ఉండదు. ఒకసారి తహసీల్దారు ఆఫీసు నుంచి చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి కూడా గీత దాటి, నోరు మూసుకుని బెంచీ మీద కూర్చుని వెళ్ళాడు.

ఆయనది బొబ్బిలి దగ్గర ఒక పల్లె. వ్యవసాయం కుటుంబం. విజయనగరంలో సైన్యంలోకి భర్తీ జరుగుతోందంటే స్నేహితుడికి తోడుగా వెళ్ళాడు. స్నేహితుడు పరుగులో పడిపోయాడు, తోడెళ్ళినవాడు జవానైపోయాడు. సైన్యంలో కూడా ఈయన గొప్పగా యుద్ధాలేవీ చెయ్యలేదు. గురి బావుందని ఫైరింగ్ నేర్పే పనిలో పెట్టారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి రైఫిల్ పట్టుకోవడం నేర్పుతూనే సర్వీసంతా గడిచిపోయింది. తిరిగొచ్చాక విశాఖపట్నంలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర డబుల్ బ్యారెల్ తుపాకీతో స్టూలు మీద కూర్చున్నాడు. ఆ రోజుల గురించి అడిగితే, "కూకున్నాను. అంతే" అంటాడు. ఆ "అంతే" మాత్రం ఆయన అనొచ్చు. భార్య సత్యవతి ఏజెన్సీలో నర్సు. ఆమెకి అరకు బదిలీ అయితే సంతోషంగా స్టూలు వదిలేసి ఆమెతో వచ్చేశాడు. ఆమె రిటైరయ్యాక కూడా ఇద్దరికీ ఇక్కడి చలి, ఇక్కడి మనుషులు అలవాటైపోయి కొండ దిగలేదు.

ఈ క్లాసు మొదలైంది ఒక బుడగల బండి దగ్గర. టూరిస్టుల కోసం తోటల గేటు బయట అట్టకి రంగు బుడగలు కట్టి, తుపాకీతో పేల్చమనే బండ్లుంటాయి చూడండి, అక్కడ. కాఫీ, మిరియాలు పండించుకునే సోంబరు, అతని భార్య జమున, కూతురు నీలవేణి ఆ రోజు వారపు సంతకి వచ్చారు. నీలవేణి ఒక బుడగ పేల్చింది. ఆ సంతోషంలో తుపాకీ అలాగే పట్టుకుని, ట్రిగ్గర్ మీద వేలు కూడా తియ్యకుండా, "అయ్యా, సూసినావా" అంటూ గిర్రున వెనక్కి తిరిగింది. గొట్టం సరిగ్గా సోంబరు పొట్టకి ఎదురుగా ఉంది. టీ తాగుతున్న వరహాలరావు గ్లాసు విసిరేసి రెండంగల్లో వచ్చి గొట్టం ఆకాశంలోకి ఎత్తేశాడు.

"ఏటి సేత్తన్నావే గుంటా? నీ అయ్య పొట్టకి గురిపెట్టి నవ్వుతావేటి?"

సోంబరుకి కోపమొచ్చింది. ముక్కూ మొహం తెలియనివాడెవడో కూతుర్ని కేకలేస్తే ఎవరికి రాదు. "బుడగల తుపాకీ గదా సారూ. దానికేటి?" అన్నాడు.

దానికేటో చెప్పడం మొదలుపెట్టాడు వరహాలరావు. బండి వెనక్కి ముగ్గుర్నీ తీసుకెళ్ళి, సంత ముగిసేదాకా చెప్తూనే ఉన్నాడు. నీలవేణి చేత ఖాళీ తుపాకీ పట్టించాడు, దింపించాడు, మళ్ళీ పట్టించాడు. సోంబరు చేత కూడా పట్టించాడు. బండివాడు మొత్తుకున్నా వినలేదు. మరుసటి శనివారం సోంబరు కుటుంబమంతా వరహాలరావు ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "మొన్న సెప్పినాది మళ్ళా సెప్పు సారూ. మా గుంట నిద్దట్లో కూడా అదే కలవరిస్తంది" అన్నాడు సోంబరు. అక్కడివాళ్ళు ఎంత గౌరవమున్నా మనిషిని నువ్వనే అంటారు. బొబ్బిలి మనిషికి అది మొదట్లో కొంచెం గుచ్చుకున్నా, తర్వాత ఎవరైనా మీరంటేనే పరాయిగా అనిపించేది.

ఆ బుడగల బండి దగ్గరే పుట్టింది ఆయన షరతు కూడా. పిల్లని పంపితే సరిపోదు, ఇంట్లోంచి కనీసం ఒక పెద్ద మనిషి కూడా వచ్చి పక్కన నిలబడి నేర్చుకోవాలి. "పిల్లకి నేర్పితే పిల్ల జాగర్తగానే ఉంటాది. ఇంట్లో పెద్దోళ్ళు 'ఏదీ, ఓపాలి ఇలాగియ్యి' అని లాక్కుంటారు. అక్కడొస్తాది సావు" అనేవాడు. అలా ఒకరిని చూసి ఒకరు ఏడు కుటుంబాలు చేరాయి. మొదటి నెల్లాళ్ళూ గుండు అనేది వాళ్ళ కంటపడలేదు. ఖాళీ రైఫిల్ పట్టుకుని నిలబడటం, ఊపిరి తీసుకోవడం, వదలడం. నేర్చుకోవడానికి వచ్చిన తండ్రులకి తల ప్రాణం తోకకొచ్చింది.

అందరిలోకీ ఎక్కువ అవస్థ మోహన్‌కృష్ణది. బస్టాండు దగ్గర కిరాణా కొట్టు ఆయనది, తుని వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. కొడుకు ధర్మతేజకి స్పోర్ట్స్ కోటాలో ఏదైనా ఒరుగుతుందని ఆశపడి చేరాడు. కొడుకు బాగానే కాలుస్తాడు. తండ్రి మాత్రం ట్రిగ్గర్ నొక్కే క్షణానికి రెండు కళ్ళూ గట్టిగా మూసేసుకుంటాడు. వరహాలరావు చెవి దగ్గర చేరి, "మోహన్‌కిష్టగారూ, మీరు దండం పెట్టుకుంటన్నారా, గురి సూత్తన్నారా?" అని అడిగేవాడు. జమునదింకో గొడవ. టార్పాలిన్ మీద బోర్లా పడుకుని కాల్చాలంటే ఆమెకి నవ్వొస్తుంది. ఒకసారి మొదలైతే ముక్కుపుడకలు మూడూ ఊగిపోయేలా నవ్వి, రైఫిల్ పక్కన పెట్టేసి లేచిపోతుంది. వరహాలరావు ఎంత అరిచినా లాభముండదు. ఆమె నవ్వు చూసి చివరికి ఆయనకే నవ్వొచ్చి గోడ వైపు తిరిగేవాడు.

ఇంత నేర్పే మనిషి వాళ్ళ ముందు ఒక్కసారి కూడా కాల్చలేదు. ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకునే ఉంటాడు, నోటితోనే అన్నీ చెప్తాడు. అది మిలటరీ పద్ధతని పిల్లలు అనుకున్నారు. ధర్మతేజ అయితే ఇంకో అడుగు ముందుకేసి, సార్ కశ్మీర్‌లో వంద గజాల నుంచి అగ్గిపుల్ల తల ఎగరగొట్టారని స్కూల్లో ప్రచారం చేశాడు. ఆ మాట తిరిగి తిరిగి వరహాలరావు చెవిలోనూ పడింది. అవుననలేదు, కాదనలేదు. మీసం సవరించుకుని ఊరుకున్నాడు. అక్కడ చేశాడు తప్పు.

సంగతేమిటంటే, ఆయన కుడి చెయ్యి వణుకుతుంది. రెండేళ్ళ కిందట మొదలైంది. ఊరికే ఉంటే ఏమీ కాదు, ఏదైనా పట్టుకుంటేనే వచ్చింది చిక్కంతా. పెన్ను పట్టుకుంటే వణుకు, చెంచా పట్టుకుంటే వణుకు. విశాఖపట్నంలో డాక్టరు చూసి, నరాలకి సంబంధించింది, ప్రాణానికేం ప్రమాదం లేదు, పూర్తిగా పోదని మాత్రలు రాశాడు. మాత్రలు వేసుకుంటే కొంచెం తగ్గుతుంది, ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే రెట్టింపవుతుంది. సత్యవతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ ఏడు కుటుంబాలూ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాయని ఆయన భయం. ఆ భయం ఎంతంటే, శుక్రవారం నుంచే ఆకలి మందగించేది. శనివారం పొద్దున షెడ్డు దగ్గర పిల్లల చెప్పుల చప్పుడు వినపడ్డాక గానీ కుదుటపడేవాడు కాదు.

అలా ఉండగా చైత్రమాసం వచ్చింది. కొండల మీద ఊళ్ళన్నిటికీ అది ఇటుకుల పండగ. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్రలు పట్టుకుని, వచ్చిన బండినల్లా ఆపి పండగ మామూలు అడుగుతారు, నడుములు పట్టుకుని వరసకట్టి థింసా నాట్యం ఆడతారు. మగవాళ్ళు వేటకి వెళ్ళాలి. వేట తప్పి వట్టి చేతుల్తో తిరిగొస్తే ఊరి పొలిమేరలోనే ఆడవాళ్ళు పేడనీళ్ళతో ఎదురొస్తారు. ముసలివాడా, పెళ్ళికాని కుర్రాడా, ఊరి పెద్దా అని చూడరు. వేళాకోళమాడుతూ తల మీంచి కుమ్మరిస్తారు. పడ్డవాళ్ళు కోప్పడకూడదు, వాళ్ళూ నవ్వాలి.

శనివారం క్లాసు అయ్యాక జమున ఈ ముచ్చట ఎత్తింది. "రేపు మా పండగ సారూ. మా మొగోళ్ళు అడవికి పోతే ఏటీ దొరకదు. ఫారెస్టోళ్ళు ఊరుకోరు. ఈపాలి వేట ఇక్కడే ఆడిద్దాం. అట్టముక్కతో పందిని సేత్తాను. తలో గుండు. తగిల్తే సరి, తప్పితే మా బకెట్టు ఉంది."

పిల్లలు ఒకటే గోల. తండ్రుల మొహాల్లో భయం చూసి వరహాలరావుకి కూడా సరదా పుట్టింది. ఎవరి తర్వాత ఎవరు నిలబడాలో, బకెట్టు గీతకి ఎంత దూరంలో ఉండాలో అన్నీ తనే నిర్ణయించాడు. అంతా అయ్యాక ధర్మతేజ అమాయకంగా, "మరి సార్ కూడా మగవాళ్ళే కదా?" అన్నాడు. షెడ్డంతా ఘొల్లుమంది. వరహాలరావు మొహం పాలిపోయింది గానీ, "సూద్దాం లే" అని ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చి వరండాలో కూలబడ్డాడు. సత్యవతి చింతచిగురు ఏరుతూ కాసేపు చూసి, జరిగింది అడిగి తెలుసుకుంది.

"సెప్పీయండి ఆల్లకి. దొంగతనం సేసినారేటి? జబ్బే కదా" అంది.

"వణికే సెయ్యోడి దగ్గిరికి పిల్లల్ని ఎవలు పంపుతారు సత్యా? తుపాకీ పని. నువ్వయితే పంపుతావా?"

ఆమె నర్సు. ఎన్నో ఊళ్ళలో ఎందరో పిల్లలకి సూదులు వేసిన మనిషి. సూది పట్టుకున్న చెయ్యి వణికితే తల్లులు పిల్లల్ని ఎలా లాక్కుంటారో ఆమెకి తెలుసు. అందుకే చిగురులోని ఈనెలు ఇంకొన్ని తీసి పక్కన పడేసింది. అదే ఆయనకి జవాబైంది.

"ఆ షెడ్డు నేకపోతే నాకేటుంది సెప్పు? మళ్ళీ ఎల్లి బేంకు ముందు కూకోవాలా?" అన్నాడు. సత్యవతి చింతచిగురు పక్కన పెట్టి ఆయన పక్కకొచ్చి కూర్చుంది.

ఆదివారం పొద్దున మాత్ర వేసుకున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. ఎన్నడూ క్లాసుకి రాని సత్యవతి, "నానూ పండగ సూత్తాను" అంటూ వెంట బయల్దేరింది.

షెడ్డు తిరనాళ్ళలా ఉంది. ఇసుక బస్తాల ముందు అట్టపంది వేలాడుతోంది. పిల్లికన్నా కాస్త పెద్దది. బొగ్గుతో నల్లగా రుద్ది, రెండు తెల్లటి కోరలు పెట్టింది నీలవేణి. గీతకి బాగా ఇవతల బకెట్టు, అందులో మగ్గు, చుట్టూ కొంగులు బిగించిన ఆడవాళ్ళు. మొదట మోహన్‌కృష్ణ నిలబడ్డాడు. అలవాటు ప్రకారం కళ్ళు మూశాడు, నొక్కాడు, గుండు ఏ బస్తాలోకి పోయిందో ఎవరికీ తెలియలేదు. ఆయన భార్యే మొదటి మగ్గు పోసింది, ఎన్నేళ్ళ నుంచో ఎదురుచూస్తున్నట్టు మనస్ఫూర్తిగా పోసింది. తర్వాత సోంబరు. పంది తోక చివర తగిలింది. తోక లెక్కలోకి రాదని జమున, తోక కూడా పందిదేనని సోంబరు. వరహాలరావు తీర్పు చెప్పేలోపే సోంబరు తడిసిపోయాడు. నవ్వీ నవ్వీ పిల్లలకి పొట్టలు పట్టుకున్నాయి. ఒకరిద్దరు గట్టెక్కారు, మిగతావాళ్ళు మునిగారు.

చివరికి ఎవరో, "సార్" అన్నారు. ఇంకెవరో చప్పట్లు మొదలుపెట్టారు. నీలవేణి రైఫిల్ని గొట్టం కిందికి ఉంచి, అచ్చం ఆయన నేర్పినట్టే రెండు చేతులతో అందించింది.

తీసుకున్నాడు. గీత దగ్గర నిలబడ్డాడు. పాదాలు, నడుము, భుజం, అన్నీ ఒక్కొక్కటే వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఒళ్ళంతా గుర్తుంది, ఆ కుడిచేతికి తప్ప. రైఫిల్ చివర ఉన్న గురి పంది కోర మీంచి తోక మీదికి, అక్కడి నుంచి పైన ఉన్న బస్తా మీదికి పోయి మళ్ళీ కిందికి వస్తోంది. ఆపుదామని బిగిస్తే ఇంకా ఎక్కువైంది. నమ్మకం లేకపోతే కాల్చకుండా దించెయ్యండి, దించడం తప్పు కాదని పిల్లలకి ప్రతి వారం చెప్పే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి ఆ మాట వినలేదు. వెనక నుంచి అంతమంది చూస్తున్నారు. అగ్గిపుల్ల తల ఎగరగొట్టిన మనిషి ఎలా దించుతాడు? నొక్కేశాడు.

గుండు పందికి జానెడు పైన బస్తాలో దిగింది. బస్తా చిల్లులోంచి సన్నగా ఇసుక రాలింది.

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు ఆగిపోయాయి. ధర్మతేజ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. "ఇవాళ గాలి ఎక్కువుంది సార్" అన్నాడు మోహన్‌కృష్ణ. షెడ్డు లోపల ఆకు కూడా కదలడం లేదు. వరహాలరావు రైఫిల్ తెరిచి, ఖాళీయేనని చూసుకుని, బల్ల మీద పెట్టాడు. పెట్టేటప్పుడు బల్ల చెక్కకి తగిలి అది టకటకమని చప్పుడు చేసింది. ఆ చప్పుడు అందరూ విన్నారు.

ఆయన బకెట్టు వైపు చూశాడు. ఎవరి చెయ్యీ మగ్గు మీదికి పోలేదు. మొగుళ్ళనీ, మరుదుల్నీ, బావల్నీ కనికరం లేకుండా తడిపేసిన ఆడవాళ్ళు తల దించుకుని కొంగులు సర్దుకుంటున్నారు. తనని వదిలేశారు. జాలిపడ్డారు. సైన్యంలో ఎందరో ఆఫీసర్లు నానా తిట్లూ తిట్టారు గానీ, ఇంత అవమానం ఆయన ఎన్నడూ పడలేదు. ఇక్కడితో సరి, షెడ్డు తాళం అనకాపల్లికి పంపించెయ్యాలి అనుకున్నాడు.

"సాలు ఇవాల్టికి. అందరూ ఇళ్ళకెల్లండి" అన్నాడు. "వచ్చే వారం..." అని ఆగాడు. "వచ్చే వారం నుంచి రానక్కర్నేదు."

తలుపు వైపు నడిచాడు. సత్యవతి లేచి నిలబడింది. ఇంతలో జమున దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె చేతిలో నిండు మగ్గు ఉంది.

"ఆగు సారూ. వేట తప్పినోడు పొడిగా ఇంటికి పోడు మా కొండ మీద" అంది. ఆయన నోరు తెరిచేలోపు ఆ నీళ్ళు మొహం మీద కొట్టింది.

పచ్చటి నీళ్ళు, అందులో గడ్డిపరకలు, నెత్తి మీంచి మీసాల్లోకి, మీసాల్లోంచి ఇస్త్రీ చొక్కాలోకి దిగాయి. ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. జమున చేసింది సాహసమా, పొరపాటా తెలియక సోంబరు కూడా నోరెళ్ళబెట్టాడు. ముందుగా నవ్వింది సత్యవతి. ఆ నవ్వు ఎన్నాళ్ళ నుంచి ఆమె లోపల ఇరుక్కుపోయిందో గానీ ఆగలేదు. నవ్వుతూనే వెళ్ళి మగ్గు లాక్కుని, "సగం నేల పాలు సేసినావమ్మా" అని ఇంకో మగ్గు ముంచి ఆయన నెత్తిన పోసింది. దాంతో షెడ్డు మొత్తం విరుచుకుపడింది. పిల్లలు గంతులేశారు. మోహన్‌కృష్ణ తన తడి తువ్వాలు తెచ్చి ఇవ్వబోయి, అదీ పేడదేనని చూసుకుని మళ్ళీ నవ్వాడు.

వరహాలరావు కళ్ళు తుడుచుకుని చుట్టూ చూశాడు. ఒక్క మొహంలోనూ జాలి లేదు. వేట తప్పిన మిగతా మగవాళ్ళలో ఆయనా ఒకడు. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

"నా సెయ్యి పనిసెయ్యదర్రా" అన్నాడు. "వణుకుతాది. రెండేళ్ళయింది. మీకు సెప్పనేదు."

"ఎరుకే" అంది జమున, మగ్గు కడుగుతూ. "కలాసు మద్దెలో నీకు టీ సగం గలాసే ఎందుకు పోత్తన్నాననుకున్నావు సారూ? నిండా పోత్తే ఒలుకుతాదని."

"రైఫిల్లో పెల్లెట్లు నేనే పెడతానని ప్రతిసారీ గొడవ చేసేది కూడా అందుకే సార్" అన్నాడు ధర్మతేజ. "నీలవేణి, నేను వంతులేసుకున్నాం."

మోహన్‌కృష్ణకి కూడా తెలుసట. కొట్లో సంచీ పట్టుకున్నప్పుడే చూశాడట. ఇంకెవరో మొన్న దసరాకే చూశామన్నారు. ఏడు కుటుంబాలకీ తెలుసు, ఒకరికి తెలుసని ఇంకొకరికీ తెలుసు. అందరికీ తెలుసునన్న సంగతి తెలియంది వరహాలరావు ఒక్కడికే. ఆయనకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. సిగ్గు వెనకాలే అలవాటైన కోపమూ వచ్చింది.

"తెలిసి కూడా పిల్లల్ని పంపినారా నా దగ్గిరికి? సెయ్యి నిలబడనోడికి పిల్లల్ని అప్పగిత్తారా? మీకు బుద్ధుండక్కర్నేదేటి?" అని నిజంగానే అరిచాడు.

సోంబరు వచ్చి ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఇద్దరి బట్టల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి.

"మానిపిద్దామనే అనుకున్నాను సారూ" అన్నాడు సోంబరు. "గుంట ఒక్కగానొక్కతి. బయం కాదేటి? అందుకే ఒక ఆదివారం ఎనకాల కూకోని నిన్నే సూసినాను. మా గుంట గురి సూసిందంటే నువ్వు ఊపిరి బిగబట్టేత్తావు. ఆ గుంట కాల్సి, తుపాకీ దించి, ఖాళీ సేసినాక గానీ నువ్వు ఊపిరి ఒదలవు. మా గుంటకే అనుకున్నాను. కిష్టగారి గుంటడికీ అంతే. ఆల్లందరికీ అంతే. పొద్దున్నుంచి మజ్జానం దాకా అలా ఊపిరి బిగబట్టేవోడి దగ్గిర మా పిల్లలకేటవుతాది?"

అది వరహాలరావుకి కూడా తెలియదు. తనలా చేస్తాడని ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. పెదవులు బిగించి చూశాడు, కుదరలేదు. అంతమంది ముందు ఏడ్చేశాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తుంటే పిల్లలు కొంచెం కంగారుపడ్డారు. సత్యవతి వచ్చి కొంగుతో ఆయన మీసాల్లోని గడ్డిపరకలు తీసి, "సాల్లెండి. ఆల్లకి ఆకలేత్తంది" అంది.

ఆయన ముక్కు చీదుకుని లేచాడు. పందివేట సందట్లో పిల్లలెవరూ ఆ రోజు ఇంకా కాల్చలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఏటి సూత్తన్నారు? ఇళ్ళకెల్లమని ఎవలు సెప్పినారు? గీత ఎనక్కి నిలబడండి, బేగి" అని అరిచాడు. అట్టపందిని విప్పించి, మామూలు టార్గెట్లు కట్టించాడు. నీలవేణి మొదట నిలబడింది. వరహాలరావు ఆ పిల్ల వెనక్కి వెళ్ళి, ఇన్నాళ్ళూ వెనక్కి కట్టుకున్న కుడిచెయ్యి తీసి ఆమె మోచేతి కింద పెట్టి, మోచెయ్యి ఎంత ఎత్తుండాలో చూపించాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. పిల్ల ఒకసారి తలతిప్పి చూసి మళ్ళీ టార్గెట్ వైపు తిరిగింది.

అందరూ కాల్చి, రైఫిళ్ళు ఖాళీ చేసి బల్ల మీద పెట్టేదాకా ఆయన ఆ పేడచొక్కాతోనే తిరిగాడు. సత్యవతి మార్చుకోమని రెండుసార్లు పిలిచింది. ఆయన వినిపించుకోలేదు.